ఎలా పోయాడని అడిగే ముందు

పోయిన నెల మన గోడపత్రికకు రచనలు తీసుకుంటున్న రోజు. మొదటి సంవత్సరం చెల్లెలు ఒకామె నాలుగు మడతలు పెట్టిన కాగితం తెచ్చి నా చేతికిచ్చింది. వాళ్లన్న మీద రాసిన కవిత. ‘నివాళి’ శీర్షికలో పెట్టమని అడిగింది. కాగితం మడత కూడా విప్పకుండా నేను అడిగిన మొదటి మాట: “ఎలా పోయాడు?”

ఆ అమ్మాయి తల వంచుకుంది. చెప్పకపోయినా అర్థమైంది. నా పక్కనున్న స్నేహితురాలు “ఇట్లాంటివి పెడతామో లేదో, మేడంని అడిగి చెప్తాంలే” అంది. నేను కాగితాన్ని ఫైల్లో పెట్టాను. అది ఇప్పటికీ ఆ ఫైల్లోనే ఉంది. మేడంని మేం అడగలేదు. అడిగితే ఆమె ఏమనేవారో తెలీదు గానీ, అడగకపోవడానికి కారణం మాత్రం నాకు తెలుసు. ఆ చావు గురించి మాట్లాడాల్సి వస్తుందని భయం. అంతే.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ కాగితం. రాయగలిగిన ధైర్యం మాత్రం ఒక టీవీ సీరియల్‌ నుంచి వచ్చింది. నవ్వకండి.

దసరా సెలవుల్లో మా చిన్నాన్న కొడుకు ఊరికొచ్చాడు. వాడికి పాత ఇంగ్లీషు సీరియళ్ల పిచ్చి. మనం బళ్లారి ఎండకి ఫ్యాను కింద పడుకుని ఏవో పాటలు చూసుకుంటుంటే, వాడు ల్యాప్‌టాప్ ముందర పెట్టుకుని ముప్పై ఏళ్ల కిందటి పోలీసు కథలు చూస్తుంటాడు. “అక్కా, ఒక్క ఎపిసోడ్ చూడు. బాగలేకపోతే నీ తర్వాతి అసైన్‌మెంట్ నేను టైప్ చేసిస్తా” అన్నాడు. అసైన్‌మెంట్ నేనే టైప్ చేసుకున్నాను.

ఆ సీరియల్ పేరు ‘హోమిసైడ్: లైఫ్ ఆన్ ది స్ట్రీట్’. అమెరికాలో ఎన్‌బీసీ ఛానెల్లో 1993 జనవరిలో మొదలై 1999 దాకా ఏడు సీజన్లు నడిచింది. కథంతా బాల్టిమోర్ నగరంలో, అక్కడి పోలీసు హత్యల విభాగంలో జరుగుతుంది. డేవిడ్ సైమన్ అనే పత్రికా విలేకరి ఒక ఏడాదిపాటు నిజంగానే ఆ విభాగం డిటెక్టివుల వెంట తిరిగి, చూసింది రాసి 1991లో పుస్తకం వేశాడు. సీరియల్‌కు అదే ఆధారం. అందుకేనేమో, అందులో పోలీసులు గాల్లోకి ఎగిరి తన్నరు. ఫోన్లు ఎత్తుతారు, కాఫీ తాగుతారు, కాగితాలు నింపుతారు, ఒకరి మీద ఒకరు విసుక్కుంటారు. ఆఫీసులో ఒక పెద్ద తెల్ల బోర్డు. చనిపోయినవాళ్ల పేర్లు దాని మీద రాస్తారు. కేసు తేలనంతకాలం పేరు ఎర్ర రంగులో ఉంటుంది. తేలితే నల్ల రంగులోకి మారుతుంది. ఎవరి పేరు కింద ఎన్ని ఎరుపులున్నాయి, ఎన్ని నలుపులున్నాయి అనేదే వాళ్ల పరువు, వాళ్ల పోటీ.

నేను చూసిన ఎపిసోడ్ మూడో సీజన్లోది. పేరు ‘క్రొసెట్టి’. 1994 డిసెంబర్ 2న ప్రసారమైంది.

క్రొసెట్టి అంటే ఆ విభాగంలోనే పనిచేసే డిటెక్టివ్. పొట్టి మనిషి, బట్టతల, వాగుడుకాయ. అబ్రహాం లింకన్‌ని ఎవరు చంపించారో తనకే తెలుసన్నట్టు గంటలకొద్దీ వాదిస్తాడు. విన్నవాళ్లు తల పట్టుకుంటారు. అతని జోడీ మెల్డ్రిక్ లూయిస్. తెల్లవాడొకడు, నల్లవాడొకడు. కారులో పక్కపక్కన కూర్చుని పొద్దస్తమానం పోట్లాడుకుంటూనే ఉంటారు. మొదటి రెండు సీజన్లలో ఆ పోట్లాటే మనకు నవ్వు.

మూడో సీజన్లో క్రొసెట్టి సెలవు పెట్టి వెళ్లాడు. తిరిగి రావాల్సిన రోజు దాటింది. రాలేదు. లూయిస్ అతని తరఫున సాకులు చెబుతుంటాడు. ఇంతలో రేవు నీళ్లలో ఒక శవం దొరుకుతుంది. అది క్రొసెట్టిది.

ఇక్కడిదాకా చూసి నేను “హంతకుడెవరో చెప్పు, నేను పోయి వంట చూసుకోవాల” అన్నాను. మనం చూసే సీరియళ్లలో అట్లాగే కదా జరుగుతుంది. పోలీసాయన చనిపోతే వెనకాల ఒక విలన్ ఉండాలి. మిగతా పోలీసులు పళ్లు కొరికి, వాన్లో తడిసి, చివరి పది నిమిషాల్లో వాణ్ణి పట్టుకోవాలి. ఏడుపు వచ్చే లోపల కోపం వచ్చేస్తుంది. కోపానికి ఒక మనిషి దొరుకుతాడు. చూసేవాళ్లకి హాయి.

ఈ కథలో విలన్ లేడు. కేసు బొలాండర్, మంచ్ అనే ఇద్దరు తోటి డిటెక్టివుల చేతికి వస్తుంది. వాళ్లు వెతికేకొద్దీ తేలేది ఒక్కటే: క్రొసెట్టి తన ప్రాణం తానే తీసుకున్నాడు. లూయిస్ ఒప్పుకోడు. వాదిస్తాడు, అరుస్తాడు, తోటివాళ్ల విచారణకే అడ్డం పడతాడు. అతను చెడ్డవాడై కాదు. హత్య అని తేలితే వెతకడానికి ఒక మనిషి ఉంటాడు. కాదని తేలితే వెతకాల్సింది తన జ్ఞాపకాల్లోనే. మొన్న కారులో అతనన్న ఆ మాటకు అర్థం ఇదేనా? ఆ రోజు నవ్వినప్పుడు నిజంగా నవ్వాడా? పక్కనే కూర్చున్న నాకు ఎందుకు తెలియలేదు? చివరికి వైద్య పరీక్షలో ఒంట్లో ఏమేం ఉన్నాయో తేలాక, లూయిస్ అన్నాళ్లూ గట్టిగా పట్టుకున్నది వదిలేస్తాడు. పోలీసు వాదన ఓడిపోతుంది, స్నేహితుడు ఏడుస్తాడు.

నాకు నచ్చిన విషయం ఒకటుంది. బొలాండర్, మంచ్‌లు స్నేహం కోసం అబద్ధం రాయరు. అది దయ లేకపోవడం కాదని నాకు తర్వాత అర్థమైంది. రోజూ ఊరివాళ్ల చావుల గురించి నిజం తేల్చేవాళ్లు తమ మనిషి చావు దగ్గరికొచ్చేసరికి కళ్లు మూసుకుంటే, ఇన్నాళ్లూ చేసిందంతా ఏమైనట్టు? నిజం చెప్పాలి. నిజం చెప్పాక కూడా ఆ మనిషిని గౌరవించాలి. ఈ రెండూ ఒకేసారి చేయడమే కష్టం. ఆ ఎపిసోడ్ అంతా ఆ కష్టం గురించే.

పోలీసు మనిషి పోతే అక్కడ యూనిఫాం తొడుక్కుని వరసగా నిలబడి వందనం చేసే ఆనవాయితీ ఉంది. క్రొసెట్టికి ఆ వందనం ఇవ్వడానికి పై అధికారులు ఒప్పుకోరు. ఆత్మహత్య కదా, శాఖకు చెడ్డపేరు. విభాగం పెద్ద జియార్డెల్లో వాదించి చూస్తాడు. పని కాదు. ఎన్నో ఏళ్లు ఆ నగరానికి పనిచేసిన మనిషి, చివరి ఒక్క రోజు చేసిన పనితో లెక్కలోంచి తీసేయబడ్డాడు.

అదే విభాగంలో పెంబుల్టన్ అని ఒకడున్నాడు. అందరికంటే తెలివైనవాడు, అందరికంటే పొగరుబోతు, ఎవరితోనూ కలవడు. ఆ రోజుల్లో అతనికి దేవుడి మీద నమ్మకం పోయింది. చర్చిలో అడుగు పెట్టనని మొండికేస్తాడు. “తోటివాడి అంత్యక్రియలకు కూడా రావా?” అని జోడీ బేలిస్ అడిగినా వినడు. చూస్తున్న నాకు ఒళ్లు మండింది. ఇంత పొగరేంటి అనుకున్నాను.

చివరి దృశ్యంలో శవయాత్ర వీధిలోంచి వస్తుంది. పోలీసు కార్యాలయం ముందు మెట్ల దగ్గర ఒక్క మనిషి నిలబడి ఉంటాడు. నిండు యూనిఫాంలో, నిటారుగా, చెయ్యి నుదుటి దగ్గర పెట్టి. పెంబుల్టన్. ఎవరూ ఇవ్వమన్న వందనం అతను ఒక్కడే ఇస్తాడు. మాట లేదు.

ల్యాప్‌టాప్ మూశాక మా తమ్ముడు “ఎట్లుంది?” అని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. నాకు మా నాయన గుర్తొచ్చాడు. బొంకులబావి పక్కన టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డ మా నాయన.

మా నాయన పోలీసు. నేను ఎనిమిదో తరగతి చదివేటప్పుడు మేం క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. మా వరసలో చివరి ఇంట్లో ఉండే ఆయన కూడా పోలీసే. ఆయన పేరు ఇక్కడ రాయను. పిల్లలమంతా ‘క్యారమ్ మామ’ అని పిలిచేవాళ్లం. డ్యూటీ లేని సాయంత్రం అరుగు మీద క్యారమ్ బోర్డు వేసి, పౌడరు చల్లి, మా అందరికీ ఆట నేర్పింది ఆయనే. ఎర్ర కాయిన్ పడేసి దానికి తోడు కాయిన్ వేయలేక నేను ఏడిస్తే, “రాణి ఒంటరిగా పోదు పాపా, తోడు కావాల” అని మళ్లీ ఆ ఛాన్సు నాకే ఇచ్చేవాడు.

ఒక రోజు పొద్దున ఆయన లేడు. ఎలా అన్నది నేను చెప్పను. క్వార్టర్స్ అంతా అదొక్కటే మాట్లాడుకుంది కాబట్టే చెప్పను. కుళాయి దగ్గర అప్పుల లెక్కలు తీశారు. మేడ మీద బట్టలారేస్తూ అత్తమ్మ గుణం గురించి మాట్లాడారు. ఆమె వినేంత దూరంలోనే. అంతకుముందు ఏడాది రోడ్డు ప్రమాదంలో పోయిన ఒకాయనకు దండ వేసిన ఫోటో, నిలబడి రెండు నిమిషాల మౌనం, నలుగురు మాట్లాడిన సభ ఉన్నాయి. క్యారమ్ మామకు ఏమీ లేదు. ఎవరూ వద్దనలేదేమో కూడా. ఎవరూ చేద్దామని అనలేదు, అంతే.

మా అమ్మ, నేను వాళ్లింటికి పోయాం. నాయన రాలేదు. వీధి చివర ఎండిపోయిన బావి దగ్గర, దాన్ని మేం బొంకులబావి అనేవాళ్లం, అక్కడే నిలబడిపోయాడు. శవం దాటిపోయేదాకా నిలబడ్డాడు. లోపలికి మాత్రం రాలేదు. ఆయనతో పదేళ్లు కలిసి డ్యూటీ చేసిన మనిషి. “ఏం మనిషి ఈయన” అనుకున్నాను. చాలా ఏళ్లు అనుకుంటూనే ఉన్నాను. మాటల్లో చూపించలేదు గానీ, నాయనకు కాఫీ ఇచ్చేటప్పుడు కూడా ఆ మాట నా లోపల ఉండేది.

ఆ ఎపిసోడ్ చూసిన రాత్రి, అందరూ పడుకున్నాక, అడిగేశాను. “నాయనా, ఆ రోజు లోపలికి ఎందుకు రాలేదు?”

ఏ రోజు అని ఆయన అడగలేదు. కాసేపు గోడ వైపు చూసి చెప్పాడు. “ఆ వారం నైట్ డ్యూటీ మార్చుకోమని అడిగినాడమ్మా. నిద్ర పట్టట్లేదు, పగులు డ్యూటీ అయితే బాగుంటాదన్నాడు. నాకూ పనుంది, కాదన్నా. లోపలికొస్తే ఆ యమ్మ మొగం చూడాల్సొస్తాది కదా.”

ఇన్నేళ్లూ ఆయన ఆ మాట ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకి కూడా. డ్యూటీ మార్చుకోనంత మాత్రాన ఒక మనిషి పోడని నాకు తెలుసు. ఏ ఒక్క మాటా, ఏ ఒక్క పనీ, ఏ ఒక్క అప్పూ ఇలాంటి చావుకు మొత్తం కారణం కాదని చదువుకున్నాను. నాయనకు అదే చెప్పాను కూడా. ఆయన తల ఊపాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియదు. కానీ ఒక సంగతి మాత్రం నాకు తెలిసొచ్చింది. ఆ రోజు సభ పెట్టి ఉంటే, నలుగురూ నిలబడి ఆ మనిషి గురించి మాట్లాడి ఉంటే, మా నాయన కూడా ఏదో ఒకటి మాట్లాడేవాడు. బహుశా ఏడ్చేవాడు. ఆ ఏడుపు ఆ రోజే అయిపోయేది. మాట్లాడకుండా చేసిన చావు పోయినవాడితో పోదు. ఉన్నవాళ్ల గొంతులో కూర్చుంటుంది.

ఇప్పుడు మన డిపార్ట్‌మెంట్ సంగతికొస్తా. మనం తెలుగు చదువుకునేవాళ్లం కాబట్టి ఒక మాట గమనించండి. పేపర్లో ఎలా రాస్తారు? ‘ఆత్మహత్యకు పాల్పడ్డాడు.’ ఈ ‘పాల్పడ్డాడు’ అనే క్రియ ఇంకెక్కడెక్కడ వాడతాం? దొంగతనానికి పాల్పడ్డాడు, అవినీతికి పాల్పడ్డాడు, దాడికి పాల్పడ్డాడు. మంచి పనికి ఎవరూ పాల్పడరు. దానానికి పాల్పడ్డాడని రాస్తే మన మేడం ఎర్ర సిరాతో సున్నా చుడతారు. అంటే చనిపోయిన మనిషిని వాక్యం చివర్లోనే నేరస్తుణ్ణి చేసేశాం. కర్త పోయాడు, క్రియ మిగిలింది. ఆ క్రియ ఇంట్లోవాళ్ల మీద పడుతుంది.

దానికి కారణం కూడా ఉంది. మొన్నమొన్నటిదాకా చట్టం దాన్ని నేరమే అనేది. పాత భారతీయ శిక్షాస్మృతిలో 309వ సెక్షన్ ప్రకారం ప్రాణం తీసుకోబోయి బతికినవాళ్లకు ఏడాది దాకా జైలు వేయొచ్చు. 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. అలాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, శిక్షించకూడదని, వైద్యం, సహాయం అందించడం ప్రభుత్వ బాధ్యత అని ఆ చట్టం చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత 309 సెక్షన్ లేదు. ప్రభుత్వోద్యోగిని పని చేయనీకుండా బెదిరించడానికి అలాంటి ప్రయత్నం చేస్తే మాత్రం శిక్ష ఉంది. అంటే చట్టమే తన భాష మార్చుకుంది. మన పేపర్లు, మన వీధి కుళాయిలు, మన గోడపత్రిక ఇంకా మార్చుకోలేదు.

ఈ విషయం మా గుంపులో మాట్లాడినప్పుడు ఒక స్నేహితురాలు గట్టిగా అడ్డం వచ్చింది. ఆమె మాట పక్కన పెట్టేయదగ్గది కాదు. “నువ్వు నివాళి పెడతావు, దండ వేస్తావు, కవిత రాస్తావు. చదివే వయసెంత? పద్దెనిమిది, పంతొమ్మిది. ఏదో బాధలో ఉన్న ఒక పిల్ల అది చదివి, పోతే నా గురించి కూడా ఇట్లా రాస్తారు కదా అనుకుంటే?” అంది. నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఆమె చెప్పింది ఊహ కూడా కాదు. ఇలాంటి చావుల గురించి పత్రికలు ఎలా రాస్తే ప్రమాదమో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రత్యేకంగా సూచనలే ఇచ్చింది: పద్ధతి వర్ణించకూడదు, చోటు చెప్పకూడదు, పెద్ద అక్షరాల్లో శీర్షిక పెట్టకూడదు, ఏదో సమస్యకు అదొక పరిష్కారం అన్నట్టు రాయకూడదు, సహాయం ఎక్కడ దొరుకుతుందో తప్పక రాయాలి.

ఆ సూచనలు చదివాక నాకు ఒకటి స్పష్టమైంది. అవి చావును అలంకరించొద్దన్నాయి. మనిషిని మరిచిపొమ్మని ఎక్కడా అనలేదు. ఈ రెండింటికీ తేడా ఉంది. పెంబుల్టన్ చేసిన వందనం చూడండి. క్రొసెట్టి ఆ రాత్రి చేసిన పనికి కాదు అది. అంతకుముందు ఏళ్ల తరబడి అతను ఎత్తిన ఫోన్లకు, మోసిన కేసులకు, లింకన్ గురించి చెప్పిన సోదికి కూడా. చావుకు వందనం లేదు, బతుకుకు ఉంది. మనం నివాళి రాస్తే అలాగే రాయాలి. ఆ అన్న ఎలా పోయాడన్నది ఒక్క వాక్యం కూడా అక్కర్లేదు. ఎలా బతికాడో రాయాలి. చెల్లెలికి సైకిల్ నేర్పాడా, అమ్మకు నీళ్లు మోశాడా, ఏ పాటకు ఈల వేసేవాడు?

ఇంకో మాట కూడా నా స్నేహితురాలికి చెప్తాను. బాధలో ఉన్న పిల్ల మన నివాళి చదివే ముందు మన మౌనాన్ని చదువుతుంది. ఫలానా వాళ్ల పేరు ఎవరూ ఎత్తట్లేదు, ఎత్తితే గొంతు తగ్గిస్తున్నారు, అంటే ఇది సిగ్గుపడాల్సిన సంగతి, నా లోపల ఇలాంటి ఆలోచన వస్తోందని ఎవరికీ చెప్పకూడదు. మన గుసగుస ఆమెకు నేర్పే పాఠం ఇదే. క్రొసెట్టి పక్కన లూయిస్ రోజూ కూర్చున్నాడు. లింకన్ గురించి ఎంతైనా మాట్లాడిన మనిషి తన గురించి మాట్లాడలేదు. పోలీసు ఆఫీసులో అలాంటి మాటకు చోటు లేదు. పోయాక వందనం ఇవ్వని చోట, బతికుండగా బాధ చెప్పుకోవడానికి ఎవరు ముందుకొస్తారు?

ఆ కథ తీసిన దేశంలో కూడా ఈ మార్పు ఆలస్యంగానే వచ్చింది. ఆత్మహత్యతో పోయిన సైనికుల కుటుంబాలకు అధ్యక్షుడి తరఫున సంతాప లేఖ పంపకూడదన్న ఆనవాయితీ అక్కడ చాలాకాలం ఉంది. యుద్ధ ప్రాంతాల్లో అలా పోయినవాళ్ల విషయంలో ఒబామా 2011లో దాన్ని మార్చాడు. విధుల్లో చూసిన ఘోరాల వల్ల మనసు దెబ్బతిని ప్రాణం తీసుకున్న పోలీసుల కుటుంబాలకు కూడా, కొన్ని పరిస్థితుల్లో, విధి నిర్వహణలో పోయినవాళ్లకిచ్చే సాయం అందేలా 2022లో అక్కడ చట్టం వచ్చింది. ‘క్రొసెట్టి’ ఎపిసోడ్ వచ్చింది 1994లో. అంటే చట్టం నడిచి రావడానికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టిన చోటికి, ఒక కథలో ఒక మనిషి మెట్ల మీద నిలబడి ముందే చేరుకున్నాడు. సాహిత్యం ఎందుకు చదవాలని మనల్ని అడిగేవాళ్లకు చెప్పడానికి ఇది మంచి జవాబే.

అయితే ఆ సీరియల్‌ని మరీ నెత్తిన పెట్టుకోను. క్రొసెట్టి వేషం వేసిన జాన్ పొలిటోను తీసేయడం ఛానెల్ ఒత్తిడితో జరిగిన పని. ఆయన దాని మీద బాహాటంగా కోప్పడ్డాడు. ఒక మనిషి ఉద్యోగం పోవడం వెనకున్న వ్యాపారమే తెర మీద ఒక మనిషి చావుగా మారింది. తర్వాత కొన్నేళ్లకు అదే సీరియల్లో ఫెల్టన్ అనే మరో డిటెక్టివ్ చనిపోతాడు. మొదట అది కూడా ఆత్మహత్యలాగే కనిపిస్తుంది, చివరికి హత్య అని తేలుతుంది. ఆ ఎపిసోడ్ కూడా చూశాను. హత్య అని తెలిసినప్పుడు నా మనసు తేలికపడింది. వెంటనే నా మీద నాకే సిగ్గేసింది. ఒక మనిషిని ఎవరో చంపారంటే నాకెందుకు హాయిగా ఉంది? వెతకడానికి విలన్ దొరికాడని. లూయిస్‌కి కావాల్సింది కూడా అదే కదా. మనలో ఆ కోరిక ఎంత లోతుగా ఉందో నాకు ఆ రోజు తెలిసింది.

2000లో ఆ సీరియల్ ముగింపుగా ఒక సినిమా తీశారు. అందులో పొలిటో మళ్లీ వచ్చాడు. చనిపోయిన క్రొసెట్టి, చనిపోయిన ఫెల్టన్ ఒకే బల్ల దగ్గర కూర్చుని పేకాడుతుంటారు. ఒకడు ఎలా పోయాడు, ఇంకొకడు ఎలా పోయాడు అని ఆ బల్ల దగ్గర తేడా లేదు. నాకు మాత్రం ఆ బల్ల మీద పేకలు కనిపించలేదు. క్యారమ్ బోర్డు కనిపించింది.

ఇంత రాసి నేను అడిగేది మూడే మూడు.

ఒకటి, మన గోడపత్రికలో ‘పాల్పడ్డాడు’ అన్న మాట ఇలాంటి చావుల విషయంలో ఇకమీదట రాయొద్దు. ‘ప్రాణం తీసుకున్నాడు’ అనొచ్చు. ‘పోయాడు’ అంటే ఇంకా మంచిది. తెలుగులో ఆ చిన్న మాటకు ఎంత మెత్తదనం ఉందో మనకు తెలుసు.

రెండు, ‘నివాళి’ శీర్షికకు వచ్చిన ఏ రచన తీసుకునేటప్పుడూ ‘ఎలా పోయారు’ అని అడగొద్దు. ‘ఎవరు వారు, చెప్పు’ అని అడుగుదాం. పద్ధతి, చోటు, కారణాల జాబితా రాయబోమన్న నియమం పెట్టుకుందాం. అది అన్ని చావులకూ ఒకే నియమం.

మూడు, ఆ శీర్షిక కింద ఎప్పుడూ ఒక నంబరు ఉండనిద్దాం. 14416. అది టెలి మానస్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ కన్నడంలోనూ మాట్లాడొచ్చు. మన బెంగళూరు నిమ్హాన్స్ దానికి పెద్ద దిక్కు. నాకేం కాలేదు, నేను బాగానే ఉన్నా అనుకునేవాళ్లు కూడా ఫోన్లో దాచుకోండి. మీకు కాకపోతే, నైట్ డ్యూటీ మార్చుకోమని అడిగే పక్కవాళ్లకు పనికొస్తుంది. అలా ఎవరైనా అడిగితే, డ్యూటీ మార్చగలిగినా లేకపోయినా, “నిద్ర ఎందుకు పట్టట్లేదు?” అని ఒక్క మాట అడగండి. ఈ సలహా నాది కాదు, మా నాయనది.

మొన్న ఆదివారం నాయన బండి తీస్తూ “వస్తావా?” అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు. అత్తమ్మ ఇప్పుడు వాళ్ల అమ్మగారి ఊళ్లో ఉంటుంది. గంట ప్రయాణం. దారిలో ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ ఇంటి గుమ్మం దగ్గర నాయన చెప్పులు విడవడానికి చాలా సేపు తీసుకున్నాడు. తర్వాత లోపలికి పోయాడు. అత్తమ్మ ఆయన్ని చూసి “ఇన్నాళ్లకు దారి తెలిసిందా అన్నా?” అంది. లోపల వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నేను అరుగు మీదే కూర్చున్నాను.

సోమవారం కాలేజీకొచ్చి ఫైలు తీశాను. మడత విప్పి ఆ కవిత చదివాను. పదహారు పాదాలు. రెండు చోట్ల వ్యాకరణం తప్పింది, దిద్దలేదు. వాళ్లన్న జాతరకు తీసుకుపోయి భుజాల మీద ఎక్కించుకున్న సంగతి ఉంది అందులో. ఎలా పోయాడన్నది ఎక్కడా లేదు. ఆ అమ్మాయికి నేను చెప్పాలనుకున్న నియమం ఆమె అప్పటికే పాటించింది. నేనే చదవలేదు.

మొదటి సంవత్సరం క్లాసుకు పోయి ఆమెను బయటికి పిలిచాను. క్షమించమని అడిగాను. మేడం ఒప్పుకుంటే, నువ్వు ఇంకా పెట్టమంటే, వచ్చే సంచికలో పెడతామన్నాను. ఆలోచించుకుని చెప్తానంది. వెళ్లబోతుంటే ఆపి, “మీ అన్న పేరేంటి?” అని అడిగాను.

చెప్పింది. చెప్పేటప్పుడు తల వంచుకోలేదు.